పొగ లేని పొయ్యి, నల్లటి బెల్లం

నేను నల్లబెల్లం వండించిన రోజున ప్రభుత్వం వారు నా మెడలో బంతిపూల దండ వేశారు. ఈ మాట చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు. దండ సంగతే నమ్మరు; నల్లబెల్లం సంగతి మాత్రం ఠక్కున నమ్ముతారు. నా పనితనం మీద వాళ్ళకున్న గౌరవం అలాంటిది.

ఇప్పుడు ఎవరి నోట విన్నా స్వచ్ఛ ఇంధనమే. పేపరు తిరగేస్తే సగం పేజీ అదే. గ్రాంట్లు వస్తున్నాయి, ప్రాజెక్టులు వస్తున్నాయి, చదువుకున్న కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊళ్ళ మీదకు వస్తున్నారు. రండి నాయనా, రావద్దనను. ఇదే పని మీద ఇరవై ఏళ్ళ కిందట అనకాపల్లి చుట్టుపక్కల మోపెడ్ మీద తిరిగిన ఒక పెద్దమనిషి ఏం వెలగబెట్టాడో మాత్రం విని రండి. ఆ పెద్దమనిషిని నేనే.

నా చదువు ఐదో తరగతి. మిగతాది నేను సొంతంగా సంపాదించుకున్నాను. చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. బాయిలర్ మీద బిగించిన ఇత్తడి పలకల్లో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను, పకోడీ పొట్లాల కాగితాల్లో వాక్యాలు నేర్చుకున్నాను, పాత పుస్తకాల కొట్లో కొన్న అట్టలేని డిక్షనరీతో మిగతా పని పూర్తిచేశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. దానితో పాటు ఇంకొకటి కూడా పట్టుబడింది నాకు: డిగ్రీ ఉన్నవాడు కనబడితే చాలు, ఒళ్ళు మండేది. వీడికేం తెలుసు, నాకంటే ఏం తెలుసు అని లోపల్లోపల సణుక్కోవడం అలవాటైంది. పైకి మాత్రం 'చిత్తం సార్' అనేవాణ్ణి. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో అప్పట్లో నేను కొలుచుకోలేదు.

మిల్లు మానేశాక, రెండువేల సంవత్సరం దాటిన తర్వాత, ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద నన్ను తీసుకున్నారు. ఉద్యోగం పేరు సాంకేతిక సహాయకుడు. ఆ కార్డు జేబులో పెట్టుకుని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళాను. పని ఏమిటంటే బెల్లం పొయ్యిలు. చలికాలం వస్తే అనకాపల్లి చుట్టూ ఏ ఊళ్ళో చూసినా చెరకు ఆడుతుంటారు, రసం కాచి బెల్లం దిమ్మలు పోస్తుంటారు. రసం తీసేశాక మిగిలిన చెరకు పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. పాతకాలపు పొయ్యి అంటే నేలలో గొయ్యి, పైన పెద్ద పెనం. పొగంతా పొయ్యి ముందు గుంటలో కూర్చుని పిప్పి వేసే మనిషి మొహానికే కొట్టేది. ఆ పొయ్యిలు తీసేసి, కింద ఇనుప చువ్వల జల్లెడ, వెనక ఎత్తయిన పొగగొట్టం ఉన్న కొత్త పొయ్యిలు కడితే రైతుకు గ్రాంటు. మాకు నలభై ఊళ్ళు అప్పజెప్పారు. ముందు ఒక ఊళ్ళో నమూనా పొయ్యి కట్టాలి. పైఅధికారి వచ్చి చూసి బాగుందంటే అదే బొమ్మ ప్రకారం మిగతా ఊళ్ళన్నిటా కట్టాలి.

బొమ్మ ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకంలో వచ్చింది. నున్నటి కాగితం, నీలిరంగు గీతలు, ప్రతి గీతకూ కొలత. ఎక్కడ, ఎవరు తయారుచేశారో నాకు ఈరోజుకీ తెలియదు. మూడు రోజులు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాలుగో రోజుకి ఆ పుస్తకం నేనే రాసినంత గర్వం వచ్చేసింది. మా ఇంజనీరుగారు కుర్రాడు, మంచివాడే, ఎక్కడో దూరం జిల్లా నుంచి వచ్చాడు. నన్ను 'మేస్త్రీ' అని పిలిచేవాడు. పద్దెనిమిదేళ్ళు బాయిలర్ నడిపిన వాణ్ణి పట్టుకుని మేస్త్రీ అంటాడా అని నాకు కడుపు ఉడికిపోయేది. పుస్తకంలో ఆయనకు తెలియని ముక్క ఏదైనా దొరుకుతుందా అని వెతికేవాణ్ణి.

దొరికింది. దొరికి కూడా నోరు మెదపలేదు. ఈ కథంతా అదే.

బాయిలర్ దగ్గర పనిచేసిన వాళ్ళెవరికైనా తెలుసు, పొగగొట్టం ఎత్తు పెరిగితే గాలి లాగుడు పెరుగుతుంది. ఆ లాగుడును అదుపులో పెట్టడానికి పొగ వెళ్ళే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. డాంపరు అంటారు. మిల్లులో రోజుకు ఎన్నిసార్లు ఆ తలుపు గొలుసు లాగి ఉంటానో లెక్కలేదు. ఈ బొమ్మలో ఆ తలుపు లేదు. మొదటిరోజే చూశాను. నాలుగు పేజీలు వెనక్కి, నాలుగు పేజీలు ముందుకి తిరగేశాను. లేదు. అచ్చులో లేదంటే అక్కర్లేదేమో, నున్నటి కాగితం మీద ఇంగ్లీషులో వేసిన వాళ్ళకు ఆమాత్రం తెలియదా అనుకున్నాను. నలుగురి ముందు డిగ్రీల వాళ్ళను తిట్టే మొనగాణ్ణి, ఒక బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తర్వాత చాలా ఏళ్ళు, 'నేను చెప్పాను, ఇంజనీరు ఒప్పుకోలేదు' అని టీకొట్ల దగ్గర చెప్పుకు తిరిగాను. అబద్ధం. నేను అడగనే లేదు. పాపం ఆయన ఈ ముక్క చదివితే క్షమించాలి.

నమూనా పొయ్యికి తుమ్మపాల దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో ఒక రైతు ముందుకొచ్చాడు. మధ్యవయసు మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన ఒప్పుకోవడానికి కారణం పొయ్యి వేసే, అంటే పొయ్యిలో పిప్పి వేసే, ఆవిడ. ఆవిడ భర్తకు, ఈ రైతుకు చిన్నప్పటి నుంచి స్నేహం. అతను పోయాక ఆవిడే ఏటా వచ్చి గుంటలో కూర్చుని పిప్పి వేసేది. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నీరు కారుతూ ఉండేవి. ఆస్పత్రిలో ఇంకో రెండేళ్ళు ఆ పొగలో కూర్చుంటే చూపు దక్కదన్నారట. వేరే పని చూసుకోమ్మా అని రైతు చెబితే ఆవిడ వినలేదట. ఆ గుంటలో తనకున్న పేరు ఇంకెక్కడా లేదు మరి. పెనంలో ఏం జరుగుతోందో కనబడకపోయినా, పాకం ఉడికే చప్పుడును బట్టి మంట పెంచేది, తగ్గించేది. ఆవిడ గుంటలో ఉంటే పాకం మామ గొంతు చించుకోనక్కర్లేదని ఊళ్ళో చెప్పుకునేవారు.

పాకం మామ అంటే పెనం దగ్గర నిలబడి పదును చూసే ముసలాయన. చన్నీళ్ళలో చేయి ముంచి, మరిగే పాకంలోంచి చిటికెడు తీసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూసేవాడు. ఊరందరికీ మామే. నేను కూడా మామా అనే పిలిచాను. ఆయన నన్ను మూడో రోజు నుంచి 'పుస్తకం బావ' అని పిలవడం మొదలుపెట్టాడు. చెప్పొద్దూ, నాకు కొంచెం సంతోషం కూడా వేసింది.

గ్రాంటు రూలు ప్రకారం పాత పొయ్యి ఉన్నచోటే కొత్తది కట్టాలి, ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో ఉండాలి. అంటే పాతది పగలగొట్టాలి. మొదటి గునపం దెబ్బ నేనే వేశాను. రైతు తండ్రి తవ్విన పొయ్యి అది. నాకేమీ అనిపించలేదు. కెమెరా వైపు చూస్తున్నాను కదా.

పొయ్యి కట్టడం అయ్యాక కొద్దిపాటి రసంతో ఒకసారి వెలిగించి చూశాం. పొగ నిజంగానే గొట్టంలోంచి పైకి పోయింది. గుంటలో కూర్చున్న ఆవిడ కాసేపు నమ్మలేక కళ్ళు మూసి తెరిచి చూసుకుంది. నాకు గాలిలో తేలినట్టయింది. అరగంట పోయాక ఆవిడ నన్ను పిలిచింది.

"గాలి శానా లాగేత్తంది బాబూ. నాను పిప్పెయ్యడం ఆపేసినా మంట ఆగడం నేదు. ఇలగైతే సివర్లో పాకం మాడిపోద్ది."

నేను నవ్వాను. నవ్వి, నాకెంత తెలుసో ఆవిడకు చూపించాలని మిల్లు కబుర్లు మొదలుపెట్టాను. అక్కడ ఇంత పొడుగు గొట్టం ఉండేది, దాని దారిలో రేకు తలుపుండేది, గొలుసు లాగితే ఎంత మంటైనా కుక్కపిల్లలా పడుండేది అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మరి ఇక్కడెందుకెట్టనేదు?"

"పుస్తకంలో లేదమ్మా."

ఆవిడ నా మొహం వైపు కొంచెంసేపు చూసి పిప్పి సర్దుకుంది. ఆరోజు వండింది తక్కువ రసం కాబట్టి బెల్లం పెద్దగా చెడిపోలేదు. కొంచెం రంగు తిరిగింది, అంతే. మొదటి వంట కదా, పొయ్యి ఇంకా కొత్తది కదా అని రైతుకు సర్దిచెప్పాను. రైతు తల ఊపాడు.

పైఅధికారి హైదరాబాదు నుంచి టూరు మీద విశాఖపట్నం వస్తూ ఒక ఆదివారం మాకు కేటాయించారు. రైతు ముందురోజే మూడు పెనాలకు సరిపడా చెరకు కొట్టించాడు. చెరకు కొట్టాక నిలవ ఉంచడానికి లేదు, రసం పులిసిపోతుంది. అంటే ఆ మూడు పెనాలూ ఆ రోజే దిగాలి, ఆ పొయ్యి మీదే దిగాలి. పాత పొయ్యి నా ఫొటోలో తప్ప ఎక్కడా లేదు. ఊళ్ళో మిగతా పొయ్యిలన్నీ ఎవరి చెరకుతో వాళ్ళకు తీరిక లేకుండా ఉన్నాయి.

పిప్పి వేసే ఆవిడ క్రైస్తవురాలు. ఆదివారం ఆరాధన మానదు. పొద్దున్నే చర్చికి వెళ్ళి, ఆరాధన అవగానే అదే తెల్లచీరతో నేరుగా వచ్చి గుంటలో దిగింది. మొదటి పెనం సగం ఉడికేసరికి జీపులు వచ్చాయి. అధికారి గొట్టం పైకి చూశారు, పొగ పల్చగా పోతోంది. గుంటలోకి చూశారు, పిప్పి వేస్తున్న ఆవిడ చీర తెల్లగానే ఉంది. ఆయన ఎంత మురిసిపోయారంటే ఆ చీరను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించారు. గ్రాంటు పుస్తకానికి అట్ట మీద బొమ్మ ఇదే అన్నారు. మా ఇంజనీరు నన్ను ముందుకు తోశాడు. దండ పడింది. నేను ఉపన్యాసం కూడా ఇచ్చాను. దాంట్లో 'దహన సామర్థ్యం' అన్న మాట మూడుసార్లు వాడాను.

నా వెనక పెనంలో చప్పుడు మారింది. నాకు కూడా వినబడింది. పాకం చిక్కబడేటప్పుడు మంట తగ్గాలి; తగ్గలేదు. పాకం మామ మెల్లగానే అన్నాడు, 'మంట తియ్యండే' అని. ఆవిడ పిప్పి వేయడం ఎప్పుడో ఆపేసింది. జల్లెడ మీద నిప్పులు మాత్రం గొట్టం లాగే గాలికి కణకణా మండుతూనే ఉన్నాయి. మాడు వాసన వచ్చింది. నలుగురు మనుషులు కర్రలు దూర్చి పెనం దించేసరికి పాకం నల్లగా తిరిగింది.

మన బెల్లం మార్కెట్టు సంగతి తెలిసిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ముందు రంగే చూస్తారు. నల్లబెల్లం అయితే సారా కాచేవాడు తప్ప కొనేవాడు ఉండడు, ఆ అనుమానంతో పోలీసులు కూడా దిమ్మలు చూసి ప్రశ్నలు వేసేవారు. స్వచ్ఛ ఇంధనం పథకం కింద, ప్రభుత్వ గ్రాంటుతో, అధికారుల సమక్షంలో నేను తయారుచేయించింది నాటుసారా ముడిసరుకు.

అధికారులు బెల్లం వైపు చూడనే లేదు. వాళ్ళ కాగితంలో పొగ ఎంత, పిప్పి ఎంత మిగిలింది అన్న గళ్ళున్నాయి. బెల్లం రంగుకు గడి లేదు. రెండు గళ్ళలోనూ మంచి మార్కులు పడ్డాయి. ఇంజనీరు ఫైలు తెరిచి, 'సంతృప్తికరం' అని రాసి ఉన్నచోట సంతకం పెట్టమని రైతుకు పెన్ను ఇచ్చాడు. రైతు పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. నేను నా దండ వైపు చూసుకున్నాను.

ఆ సంతకం పడితే నలభై ఊళ్ళలో ఇదే పొయ్యి. నలభై మంది రైతులు పాత పొయ్యి పగలగొట్టి, ఫొటో దిగి, ఆ తర్వాత తెలుసుకుంటారు. అది నాకు తెలుసు. తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కణ్ణే. నేనొక్కణ్ణే అనుకున్నాను, సరిగ్గా చెప్పాలంటే.

అధికారి మంచి మాట కోసం గుంట దగ్గరికి వెళ్ళి, "ఎలా ఉందమ్మా కొత్త పొయ్యి? కళ్ళు మండడం లేదు కదా?" అని అడిగారు.

ఆవిడ లేచి నిలబడింది. "నేదు బాబూ. పదేళ్ళయింది ఇలగ కళ్ళు తెరిసి నిప్పుని సూసి. అబద్దం ఎందుకాడాల. మంట మాత్రం నా మాట ఇనడం నేదు. ఏటి తక్కువైందో ఆ పుస్తకం బాబుకి తెలుసు. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. చాలా ఏళ్ళుగా నేను కలగన్న క్షణం అది. డిగ్రీల వాళ్ళంతా నిలబడి నన్ను సలహా అడగడం. వచ్చింది. నా గొంతులోంచి ఒక కోడిపిల్ల కూసింది.

"డాంపరు లేదు సార్. గాలి ఆపే తలుపు. అది లేకపోతే ఈ పొయ్యి ప్రతిచోటా బెల్లం మాడుస్తుంది."

ఇంజనీరు మొహం పాలిపోయింది. అధికారి పుస్తకం తెప్పించుకుని బొమ్మ చూశారు, నన్ను చూశారు, పళ్ళెంలో నల్లగా గట్టిపడుతున్న బెల్లాన్ని మొదటిసారి చూశారు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచి సార్."

"మరి చెప్పలేదేం?"

ఏం చెప్పను? నా దగ్గర రెండు మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఇంజనీరు మీదకు నెట్టేవి. ఆవిడ గుంటలోంచి చూస్తోంది. "భయం వేసింది సార్, పుస్తకం చూసి," అన్నాను. పాకం మామ ఫక్కున నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

అధికారి చెడ్డమనిషి కాదు. ఈ పొయ్యిని ప్రయోగం కింద రాసి రైతుకు గ్రాంటు వచ్చేలా చేశారు. మిగతా ఊళ్ళ పని సవరించిన బొమ్మ వచ్చేదాకా ఆపమన్నారు. భోజనాలు వద్దన్నారు. జీపులు వెళ్ళిపోయాయి. వెళ్ళేముందు ఇంజనీరు నా దగ్గరికి వచ్చి, "నాతో ఒక్క మాట అనుంటే నేను కాదనేవాణ్ణా మేస్త్రీ?" అన్నాడు. ఆ పిలుపుకు నాకు కోపం రాని రోజు అదొక్కటే.

ఇంకా రెండు పెనాల చెరకు మిగిలే ఉంది. దండ తీసి పక్కన పెట్టి గునపం పట్టాను. గొట్టం మొదట్లో రెండు ఇటుకలు ఊడదీశాను. రైతు చెరకు ఆడే ఇంజను మీద కప్పిన ఇనుప రేకు తీసుకొచ్చాడు. ఆ సందులోంచి రేకు అడ్డంగా దూర్చి, లాగితే బయటికి, తోస్తే లోపలికి వచ్చేలా సర్దాను. నాకు పావుగంట పట్టింది. మూడు వారాలు పొయ్యి కట్టి, పావుగంటలో చేయగలిగింది చేయలేదన్నమాట.

"రేకు నాను పడతాను, నువ్వు పిప్పెయ్యి బాబూ," అంది ఆవిడ. చేయడం తప్ప నాకింకో దారి లేదు. గుంటలోకి దిగాను. పాకం మామ పైనుంచి, "బావా, పిప్పేత్తన్నావా, కాయితాలేత్తన్నావా?" అని ఆ మధ్యాహ్నమంతా నన్ను వదల్లేదు. రెండో పెనం మేలిమి రంగులో దిగింది. రైతు ఒక ముక్క విరిచి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. మూడో పెనానికి రసం పోయమని చేయి ఊపాడు. అప్పుడు ఫొటో తీసేవాడు ఎవడూ లేడు.

సవరించిన బొమ్మ మార్చి దాటాక వచ్చింది. అప్పటికి ఆ ఏటి గ్రాంటు నిధులు వెనక్కి పోయాయి. మరుసటి ఏడు పథకమే మారిపోయి సోలారు లాంతర్లు వచ్చాయి. నా కాంట్రాక్టు పొడిగించలేదు. నన్ను తీసేసినందుకు ప్రభుత్వాన్ని చాలాకాలం తిట్టాను. తిట్టడానికి సరైన మనిషి ఎవరో నాకు తెలుసు, కానీ వాడితో రోజూ అద్దంలో పని పడుతుంది కదా.

నేను నిజాయితీగా ఒప్పుకున్నానని, నలభై ఊళ్ళను కాపాడానని ఎవరైనా అంటారేమోనని ఇది రాయడం లేదు. ఎవరైనా అనబోతే ఆ మూడో పెనం దగ్గర జరిగింది చెప్పాలి.

పాకం ఉడుకుతోంది. ఆవిడ గొట్టం పక్కన రేకు అంచు గుడ్డతో పట్టుకుని, పెనం చప్పుడు వింటూ, నా వైపు చూడకుండానే అడిగింది. "మిగిల్న ఊళ్ళల్లో పొయ్యేసే ఆడోళ్ళ సంగతేటి బాబూ?"

"కొత్త బొమ్మ వచ్చాక కడతారమ్మా."

"ఈ ఏడు రాదు గదా."

"రాదు."

"నానడిగిన నాడే ఈ రేకెట్టుంటే, అందరికీ ఈ పొయ్యి వచ్చును."

దెప్పుతున్నట్టు అనలేదు. మడ్డి తేలడానికి రసంలో సున్నం ఎంత పడాలో చెప్పినట్టు చెప్పింది. నా చేతిలో గుప్పెడు పిప్పి ఉంది. ఏం చేయాలో తోచక పొయ్యిలోకి విసరబోయాను.

"ఇప్పుడెయ్యకు," అంది ఆవిడ, రేకు లోపలికి తోస్తూ. "పాకం సివరికొచ్చింది. ఇను."

పిప్పి చేతిలోనే పట్టుకుని విన్నాను.